వెనక్కి పడని గేరు

"బ్రేకు!"

నాన్న అరుపుకి ఆమె కాలు దానంతటదే పెడల్ మీద పడింది. జానెడు ముందుకి జారిన కారు గక్కున ఆగింది.

ఇంటి కింద గ్యారేజీ అది. రోడ్డు మీంచి ఏటవాలుగా లోపలికి దిగుతుంది. చివర సిమెంటు గోడ. ఆ గోడకి ఉన్న అలమరలో ఏదో వెతకడానికి నాన్న కారు ముందుకి వెళ్ళాడు. ఆమె డ్రైవరు సీట్లో కూర్చుని, ఆయన చెప్పినప్పుడల్లా క్లచ్ తొక్కుతోంది. ఇంతలో హ్యాండ్ బ్రేకు తీగ తెగి పట్టు వదిలింది.

"గోడకి గుద్దుకుందా నాన్నా?"

నాన్న రెండు చేతులూ బానెట్ మీద ఆనించి తల దించుకున్నాడు.

"లేదు. ఆగింది," అన్నాడు. "బ్రేకు మీంచి కాలు తీయకు. ఏం జరిగినా తీయకు."

ఆమె పెడల్‌ని ఇంకా గట్టిగా అదిమింది. రెండు నెలల కింద రివర్స్ అనుకుని ఫస్టు గేరు వేసి పక్కింటి గేటు విరగ్గొట్టింది. అప్పట్నుంచీ స్టీరింగు ముట్టుకోవాలంటే వణుకు. కానీ సోమవారం నుంచి కొత్త ఉద్యోగం. అక్కడికి బస్సు పోదు.

పాత గేరు రాడ్డు వదులైపోయిందని, నాన్న బయట దొరికే పొట్టి రాడ్డొకటి తెచ్చి తనే బిగించాడు. మిగతా గేర్లన్నీ వెన్నలా పడుతున్నాయి. రివర్స్ ఒక్కటే మొండికేసింది.

"నువ్వొచ్చి చూడు నాన్నా. నాకు చేతకాదు."

"నువ్వే చెయ్యి. పక్క సీట్లో పది నంబరు స్పానరుంది. నేను ఇక్కణ్ణించి చెప్తాను."

ముప్పయ్యేళ్ళు బస్సు నడిపిన గొంతు ఆయనది. ఇంట్లో గుసగుసలాడినా వీధి చివరికి వినబడుతుంది. డ్రైవింగు నేర్పినన్నాళ్ళూ ఆయన తిట్టని తిట్టు లేదు. ఇప్పుడేమో పసిపిల్లని నిద్రపుచ్చుతున్నట్టు మాట్లాడుతున్నాడు. అందుకే ఆమెకి ఇంకా భయం వేసింది.

"కోపమొచ్చిందా నాన్నా?"

"లేదు చిట్టితల్లీ."

ఆ పిలుపు విని పదేళ్ళయింది.

"అమ్మ ఎప్పుడొస్తానంది?" అని ఆయనే అడిగాడు.

"ఆరింటికి. ఇంకా రెండు గంటలుంది."

"నీ ఫోను?"

"పైన చార్జింగులో ఉంది. ఎందుకు?"

"ఊరికే. రాడ్డు కింద రబ్బరు తొడుగు పైకి లాగు."

లాగింది. రాడ్డు మొదట్లో, ఎడమ పక్కన చిన్న బోల్టు, దానికో నట్టు కనిపించాయి.

"రాడ్డు మరీ ఎడమకి పోకుండా ఆపేది ఆ బోల్టే. నేనే ఎక్కువ బిగించేశాను. అందుకే రివర్స్ దాకా పోలేక ఫస్టులో పడుతోంది. నట్టు వదులు చేసి, బోల్టుని అరచుట్టు బయటికి తిప్పు."

స్పానరు రెండుసార్లు జారింది. బ్రేకు మీదున్న కాలి పిక్క పట్టేస్తోంది. పళ్ళు బిగబట్టి తిప్పింది.

"తిప్పాను."

"తాళం సగం తిప్పు. ఇంజను స్టార్ట్ చెయ్యకు. క్లచ్ తొక్కి, రాడ్డు పూర్తిగా ఎడమకి నెట్టి పైకి తొయ్యి."

రాడ్డు కదిలింది.

"పడింది నాన్నా! పడింది!"

"అద్దంలో చూడు. వెనక తెల్ల లైటు వెలిగిందా?"

అద్దంలో గ్యారేజీ చీకటిగానే ఉంది.

"లేదు."

"అయితే అది ఫస్టు. తీసెయ్. మెల్లగా తీసెయ్ తల్లీ."

ఆయన గొంతు జీరపోయింది. ఆమె తలెత్తి చూసింది. నాన్న మొహం మీద చెమట ధారగా కారుతోంది.

"ఇక్కడ ఉక్కగా ఉంది," అన్నాడు, ఆమె అడక్కుండానే.

ఆమెకి ఏడుపొచ్చేసింది. "నా వల్ల కాదు. దిగి పక్కింటాయన్ని పిలుస్తాను."

"వద్దు!"

ఆ ఒక్క మాటా పాత గొంతుతో వచ్చింది. వెంటనే తగ్గించాడు.

"నువ్వు దిగితే బ్రేకెవరు తొక్కుతారు? కొత్త బంపరు గోడకి గీసుకుంటే మీ అమ్మ మనిద్దర్నీ గడప తొక్కనివ్వదు." నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. "ఇంకో అరచుట్టు. అంతే."

తిప్పింది. క్లచ్ తొక్కి, ఊపిరి బిగపట్టి రాడ్డు తోసింది. ఏదో టక్కుమంది. అద్దంలో, వెనక ఏటవాలు నేల మీద, తెల్లటి వెలుగు పరుచుకుంది.

"వెలిగింది!"

నాన్న కళ్ళు మూసుకుని తెరిచాడు.

"క్లచ్ వదలకుండా స్టార్ట్ చెయ్యి. తర్వాత క్లచ్ కొంచెం కొంచెం పైకి రానివ్వు. బండి వణుకుతుంది. వణికాకే కుడికాలు బ్రేకు మీంచి యాక్సిలరేటర్ మీదికి. ముందు కాదు. వింటున్నావా? ముందు కాదు."

"ముందుకి జారితే?"

"జారదు. నేర్పింది నేను."

"నువ్వు పక్కకి తప్పుకో నాన్నా. నాకు భయంగా ఉంది."

"నన్ను చూడకు. ఆ లైటునే చూడు."

ఇంజను రొద గోడలకి కొట్టుకుని రెండింతలైంది. క్లచ్ పైకొచ్చింది. కారు వణికింది. ఆమె కుడికాలు మార్చింది.

ఒక్క క్షణం బండి అటూ ఇటూ కాకుండా నిలబడింది. తర్వాత మూలుగుతూ వెనక్కి కదిలింది. ఏటవాలంతా ఎక్కి, రోడ్డు మీద చదునైన చోటికొచ్చి ఆగింది.

"శభాష్!" అని లోపల్నించి వినబడింది.

ఆమె ఇంజను ఆపి, నవ్వుతూ ఏడుస్తూ కిందికి పరిగెత్తింది. "చూశావా నాన్నా? గోడకి తగలనివ్వలేదు! గీత కూడా పడలేదు!"

గోడకి జారగిలబడి కూలబడిపోయిన నాన్న ప్యాంటు రెండు మోకాళ్ళ దగ్గరా రక్తంతో తడిసి ఉంది. ఆయన బ్రేకని అరిచిన క్షణం నుంచీ కారుని గోడకి తగలనివ్వకుండా మధ్యలో నలుగుతూ ఉన్నవి ఆ మోకాళ్ళే.