తాటక బాస

తమిళనాడులోని కోవిల్‌పట్టి థియేటరు ఊపిరి బిగబట్టింది. తెర మీద, మళ్లీ బతికొచ్చిన తాటక ఏదో ఆదిభాషలో శపిస్తోంది. కింద తమిళంలో అర్థం పడింది: "ముల్లోకాలూ బూడిదైపోవుగాక!"

"ఇది నా గొంతు కదమ్మే!" అంది పట్టమ్మాళ్.

ఆ సినిమాకు శబ్దాలు కూర్చిన మనవరాలు కార్తిక బిక్కచచ్చిపోయింది. "కోపమా అవ్వా? సినిమావాళ్లు ఎవరికీ తెలీని బాస కావాలన్నారు. నువ్వు ఇంట్లో అరిచింది రికార్డు చేసి చేర్చేస్తిని."

"కోపమెందుకే? తాటకా ఆడదేగా. ఇల్లుంటే అరవకుండా ఉంటాదా?"

తాటక మళ్లీ గర్జించింది, ఈసారి మాటలు తేటగా వినిపించేలా: "ఎండేసిన మిరపకాయలంతా తొక్కేస్తివే మేకా, ఉండు వస్తా!"

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత బాల్కనీలో ఇంకెవరో. అంతే, వీధిలో తమిళమే మాట్లాడే సగం హాలు తమ ఇంటి తెలుగు విని పగలబడి నవ్వింది.