ఐదో పేరు

పెళ్లికి ముందు ఆడవాళ్లంతా పాటల ఊరు నాష్‌విల్‌లో రెండు రోజులు గడపాలని గదులు చూస్తున్న డెలనీ, స్నేహితురాలు రేలిన్ రాసిచ్చిన పేర్లలో ఐదో దాని దగ్గర ఆగిపోయింది.

"కొరీన్ కూడానా? ట్రావిస్ మొదటి పెళ్లాం కదే! మతి పోయిందా?"

"పోలేదు," అంది పెళ్లికూతురు రేలిన్.

"కాబోయే మొగుడి మాజీ పెళ్లాంతో బార్లు తిరిగితే, అక్కడి పాటగాళ్లు మీ ఇద్దరి మీదా పాట కడతారు!"

"కట్టనీ. జ్వరమొచ్చినప్పుడు ట్రావిస్ కూతురు నా చేత్తో మందు తాగనంది. వాళ్లమ్మ కొరీన్ ఫోన్‌లో, 'రేలిన్ కూడా నీకు అమ్మేనే బంగారం, తాగు' అంది. పిల్ల గటగటా తాగేసింది."

డెలనీ మళ్లీ గదుల జాబితా తెరిచింది.

"అయితే నీ పక్క గది ఆవిడకిద్దాం. గురకపెట్టే మీ పిన్ని దగ్గర నేను పడుకుంటాలే."