కామెర్ల పథ్యం

సాంబన్న ప్రాణహిత నది చేపలున్న సంచిని భార్య ముందు పెట్టాడు.

“ఊళ్ళె కామెర్లు పోయినయట! దవాఖాన్ల డాక్టరే చెప్పిండు. చాపలు, కల్లు ముట్టొద్దని ఊరంత వట్టిన పత్యం ఇగ బంద్. పులుసు వెట్టు.”

గోంగూర తెంపుతున్న వెంకటవ్వ తలెత్తలేదు. “నాకెర్కే. పోయి పదిహేను దినాలాయె.”

“మరి చెప్పకపోతివి! మొన్న బీరకాయ, నిన్న పప్పు, ఇయ్యాల మల్ల పుంటికూర. నేనేమన్న మేకనా?”

“చాపలు వండిన దినం నువ్వు కల్లుకాడ కూసుంటవు. నేనూ బిడ్డా పులుసు ముందట వెట్టుకొని నీ తొవ్వ జూస్తం. ఈ పత్యం మొదలైనకాన్నుంచి పొద్దుగూకక ముందే మాతోని తింటున్నవు. బిడ్డ నవ్వుకుంట పంటున్నది.”

సాంబన్న పొయ్యి వైపు చూశాడు. పక్కన మూడు పళ్ళేలు అప్పటికే కడిగి పెట్టి ఉన్నాయి. పక్కింటి బాబురావుకు ఇచ్చేద్దామని సంచి తీసుకుని గోడ దగ్గరికి నడిచాడు.

గోడవతల చిక్కుడుకాయలు తుంచుతున్న బాబురావు భార్య సుశీలాబాయి, సంచిలోంచి తోకలు చూసి గభాలున లేచింది.

“దండం వెడ్త సాంబన్నా, జర మెల్లగ! కామెర్లు పోయినయని మా ఇంటాయనకు ఇంకా తెల్వదు.”