ఎడమవైపు రేకులు

తుక్కు దుకాణం వెనక వరసలో, ముళ్లపొదకు ఆనించి ఉంది మడ్‌గార్డు. అతను మోకాళ్ల మీద కూర్చుని మట్టి తుడిచి చూశాడు. ఎడమవైపుదే. లైటు చుట్టూ ఆ ఉబ్బు, అక్కణ్ణుంచి కిందికి జారే ఆ వంపు, అన్నీ నాన్న కారువే. తుప్పు అంచుల్ని కొరికి అక్కడితో దయతలచి ఊరుకుంది.

ఆ మోడల్ తయారీ ఆగిపోయి అతని వయసంత కాలమైంది. రేకులు దొరకడమే గగనం. బానెట్ పోయిన వారం ఒక కోళ్లఫారంలో దొరికింది. మేత తడవకుండా వాళ్లు దాన్ని మూతగా వాడుకుంటున్నారు. అంతకంటే పెద్ద రేకు కొనిచ్చి దాన్ని తెచ్చుకున్నాడు. కోళ్లకూ మేలే జరిగింది.

ఇక మిగిలింది తలుపు ఒక్కటే. ఆదివారానికి నాన్న వచ్చేస్తున్నాడు.

తప్పు తనదే. చూపు పోయిన నాన్న అటు అక్క ఇంటికి వెళ్లాడో లేదో, ఇటు తను కారుకు ముప్పు తెచ్చాడు. "నీ బండి మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వను నాన్నా" అని ఆస్పత్రి వరండాలో మాటిచ్చింది ఈ నోరే.

వారానికోసారి నాన్న ఫోన్ చేసేవాడు. ముందు మనవరాలి చదువు, తర్వాత కొడుకు నడిపే అచ్చు ప్రెస్సు సంగతి. మూతపడే దాకా వచ్చిన ప్రెస్సు మళ్లీ కోలుకుందంటే ఆయన గొంతు వెలిగేది. కొత్త మిషను చప్పుడు వినాలని ఒకసారి ఫోన్ దాని పక్కన పెట్టించుకున్నాడు కూడా. ఆఖర్న ఎప్పుడూ ఒకటే ప్రశ్న.

"బండి ఎలా ఉందిరా?"

"బాగుంది నాన్నా. రోజూ తుడుస్తున్నా."

"ఇంకేమైనా చెప్పాలా?"

"ఏం లేదు నాన్నా."

ఫోన్ పెట్టేశాక కంచం పక్కకు జరిపేసేవాడు. మామయ్యగారేం మనిషిని మింగేసే రకం కాదు, ఉన్నదున్నట్టు చెప్పెయ్యమని భార్య పోరుతూనే ఉంది. ఆయనకు మిగిలింది చేతి స్పర్శ ఒక్కటే, అందులోంచి కూడా కొంత లాగేసుకున్నానని ఏ మొహంతో చెప్పనని అతని బాధ.

తలుపు శుక్రవారం దొరికింది. ఊరి చివర మొక్కలమ్మే ఒక ముసలావిడ దానికి సన్నజాజి పాకించుకుంది. ఆవిడ బేరమాడలేదు. తీగ మాత్రం తెగకూడదంది. పొద్దున్నంతా కూర్చుని ఒక్కో కొసనీ విడదీసి వెదురు కర్రలకు అల్లి వచ్చాడు. వచ్చేటప్పుడు ఆవిడ గుప్పెడు పూలు పొట్లం కట్టి ఇచ్చింది. అవి పుచ్చుకోవడానికి కూడా అతనికి సిగ్గేసింది.

షెడ్డు ఇరుకు. కారు కుడిపక్క ఎప్పుడూ గోడను రాసుకుంటూ ఉండేది. మనిషి నడిచే సందు ఎడమవైపే. అందుకే కుడివైపు రేకుల కోసం అతను వెతకలేదు. నాన్న చెయ్యి అటు పోదు.

రేకులు బిగించే చెక్క చట్రం కోసం టింకరింగ్ మేస్త్రి ఒక వడ్రంగిని తోడు తెచ్చుకున్నాడు. వంకరలు కొట్టి, తుప్పు గీకి, పుట్టీ పెట్టి, రంగు వేశాడు. తలుపుకీ మడ్‌గార్డుకీ మధ్య సందు పైన సన్నగా, కింద వెడల్పుగా వచ్చింది. మేస్త్రి పర్వాలేదన్నాడు. అతను వేలు పెట్టి చూసి ఒప్పుకోలేదు. మళ్లీ విప్పించి, బందుల వెనక వాషర్లు దోపి, సందు సమంగా వచ్చేదాకా కదలనివ్వలేదు.

"అద్దంలా చేశా సార్" అన్నాడు మేస్త్రి చివరికి.

"ఇప్పుడు కాస్త చెడగొట్టాలి మేస్త్రీ."

మేస్త్రి అతని మొహంలోకి చూశాడు. "ఇంతా చేసి ఇది రోడ్డెక్కేది కూడా కాదు కదా సార్."

"నాన్న చేతికి ఆనితే చాలు."

అమ్మ ఉన్నన్నాళ్లూ ఎడమవైపు సీటు అమ్మదే. ఆవిడ గాజులు రాసుకుని హ్యాండిల్ కింద సన్నటి గీతలు పడ్డాయి. నాన్న ఆ గీతల మీద ఏనాడూ రంగు వేయించలేదు. అతను బీరువాలోంచి అమ్మ గాజు తీసుకొచ్చి, ఆరిన రంగు మీద ఒక్కో గీతా గీశాడు. దొంగసంతకం పెడుతున్నట్టనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం అక్క నాన్నను దింపి వెళ్లింది. నాన్న చిక్కాడు. మనవరాలి తల నిమిరాడు, కోడలి చేతి కాఫీ తాగాడు, పడక్కుర్చీలో వెనక్కి వాలాడు. బండి మాట ఎత్తలేదు. ఎత్తేలోపు తనే ముగించేస్తే మేలనిపించింది అతనికి.

"రా నాన్నా, నీ బండి దగ్గరికి వెళ్దాం."

"బండి దగ్గరికా?" అన్నాడు నాన్న. కుర్చీలోంచి లేచి చెయ్యి అందించాడు.

షెడ్డు గుమ్మంలో అతను నాన్న అరచేతిని బానెట్ మీద ఆనించాడు. ఆ చెయ్యి ఉలిక్కిపడినట్టు ఒకసారి లేచి, మళ్లీ దిగింది. లైటు చుట్టూ తిరిగింది. మడ్‌గార్డు వంపు మీదుగా జారింది. తలుపు సందులో చూపుడువేలు పైనుంచి కిందికి నడిచింది. గుమ్మం దగ్గర భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వేళ్లు హ్యాండిల్ దాకా వచ్చాయి. కిందికి దిగాయి. గీతలు తగిలాయి.

అక్కడ ఆగిపోయాయి. బొటనవేలు ఆ గీతల మీదే అటూ ఇటూ తిరిగింది, చాలాసేపు. నాన్న కళ్లలో చూపు లేకపోయినా నీళ్లున్నాయి.

తర్వాత ఆయన చెయ్యి తీసి, గాల్లో తడుముకుంటూ కొడుకు మొహం అందుకుని అన్నాడు: "నీ ప్రెస్సు నిలబడుతుందని నా కారు కొనేవాణ్ణి నీ దగ్గరికి పంపిందే నేను కదరా పిచ్చివాడా, మరి ఈ తలుపు దేనికి బిగించావు?"