ఒక్క షీటు

"అరె, మల్ల ఆగింది!" వందన మిషిన్ మీద చరిచింది.

నా కడుపు చల్లబడింది. కోరుట్లలోని ఈ పెండ్లికార్డుల ప్రెస్సులో, లోపలికి పోయే షీటు ఒక్కటా, రెండు అతుక్కున్నాయా అన్నది ఇరవై ఏళ్లు నా వేళ్లే చెప్పాయి. ఇప్పుడా పని కొత్త మిషిన్‌లో ఒక లైటు చేస్తోంది. దాని ముందు కుర్చీ నిన్నగాక మొన్న వచ్చిన వందనది. నాకు కట్టలు కట్టే పని.

"రెండు పోతున్నయా?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"లేదు సాయిలు కాకా. గీ కాయితం మందం. లైటు అవతలికి సరిగ పడ్తలేదు. ఒక్కటి పోయినా రెండనుకుంటంది. ఒక్క షీటు పెట్టి బటన్ నొక్కితే నేర్చుకుంటదట. జర తీసియ్యి."

కట్ట మీంచి తీశాను. రెండు అతుక్కుని వచ్చాయి. వేళ్లకు వెంటనే తెలిసింది. అలాగే ఇచ్చాను. రెండును ఒకటని నేర్చుకోనీ, రేపు ప్రెస్సు సేటు ముందు నవ్వులపాలు కానీ!

వందన చూడకుండానే దాన్ని లైటు కింద పెట్టింది.

"ఒక్కటో రెండో చూస్కోవా?"

"నువ్విచ్చినంక చూసుడేంది కాకా?"

ఆమె వేలు బటన్ మీదికి పోయింది.

"ఆగు బిడ్డా."

షీటు లాక్కుని, అంచు మీద ఊది, రెండుగా విడదీశాను. వందన వాటిని చూసింది, నన్ను చూసింది. ఒకటి లైటు కింద పెట్టాను.

"గిప్పుడు నొక్కు. దానికి చెప్పు, ఒక్కటంటే ఏందో నేర్పింది సాయిలని."