కాకి ఈకల మనిషి

“ఈ బొమ్మలో దయ్యాన్ని మంచిదని చెప్పప్పా,” అనింది ఆ ముసలామె.

సుబ్బయ్య తాగుతున్న సోడాబుడ్డి దించాడు. ఆత్మకూరు బయట బీడులో డేరా వేసి మూడు రోజులైంది. తెరమీద మూగబొమ్మ ఆడుతుంటే పక్కన నిలబడి కథ చెప్పడం ఆయన పని. దయ్యాన్ని మంచిదని చెప్పమన్న మనిషిని ఇంతవరకు చూడలేదు.

“అది పిల్లనెత్తుకుపోయే దయ్యం గదమ్మా. జడుసుకుంటేనే గదా జనం రేపూ వస్తారు.”

“జడుసుకుంటే ఈ పొద్దే పోతారు కొండకిందికి. వాళ్లను చూడు.”

ముందు వరసలో ఆ ఊరి తిమ్మయ్య, అతని వెంట పదిమంది. అందరి చేతుల్లో దుడ్డుకర్రలు. కొండకింద పాడుబడిన గుడిసెలో దయ్యం ఉందని నెలరోజులుగా ఊరంతా ఒకటే గుబులు. దాన్ని చూసినామెకు ఇంకా జ్వరం దిగలేదట. ఆట కాగానే గుడిసెకు నిప్పుపెట్టి, బయటికొచ్చిన దాన్ని చావగొట్టాలని తీర్మానం.

“పోతే పోనీ. నీకేమమ్మా?”

“నా పేరు కృపమణి. పోయిన కోతలకొచ్చినాం ఈ ఊరికి. ఆ గుడిసె పక్కనే మా కొట్టం. వీళ్లు దాన్ని రేపి, ఇండ్లకు పోయి తలుపులేసుకుంటారు. ఆడ ఉండాల్సింది నేను గదప్పా.”

దయ్యాలంటే సుబ్బయ్యకూ హడలే. రేగిన దయ్యం తన డేరాకే రాదని నమ్మకమేముంది? పొట్టకూటికి దయ్యాల కథలు చెప్పేవాడే గానీ, చీకటి పడితే ఒంటరిగా చెంబు పట్టుకుని పోయే రకం కాదు.

దీపం ఆరింది. మిషను గరగరమంది. తెరమీద పాడుబడ్డ కోట. బురుజుపైన ఆ దయ్యం. తాటిచెట్టంత ఎత్తు, సున్నం కొట్టినట్టు మొహం, భుజాలనుంచి మోకాళ్లదాకా కాకి ఈకలు. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. తిమ్మయ్య కర్రను బిగించి పట్టుకున్నాడు.

వాడు కిందికి దిగొచ్చి, మంచులో పడివున్న చిన్నపిల్లను ఎత్తుకున్నాడు.

“ఇంగ తినేస్తాడు,” అని ఎవరో గొణిగారు.

సుబ్బయ్య రోజూ ఇక్కడే గావుకేక పెట్టి జనాన్ని బెదరగొట్టేవాడు.

“తప్పిపోయిన బిడ్డప్పా అది,” అన్నాడు మెల్లగా. “చలికి కొయ్యబారిపోతాంటే చూడలేక ఈకల కింద పొదువుకున్నాడు. వాన్ని చూస్తే మనకెంత భయమో, మనల్ని చూస్తే వానికంత భయం. అయినా ఊళ్లోకే పోతాండాడు, బిడ్డను తల్లికిచ్చేదానికి.”

తెరమీద జనం కాగడాలతో ఎదురొచ్చారు. రాళ్లు రువ్వారు. వాడు బిడ్డను కింద దించి, ఈకలు రాలుతుంటే కోటకేసి పరుగెత్తాడు. కోట అంటుకుంది.

“కొట్టొద్దని చెప్పేదానికి వానికి మాటలు రావప్పా,” అన్నాడు సుబ్బయ్య. నిన్నటిదాకా ఈ మంటకు చప్పట్లు కొట్టించింది తనేనని తలచుకుంటే సిగ్గేసింది.

దీపం వెలిగినా ఎవరూ లేవలేదు. తిమ్మయ్య పైగుడ్డతో కండ్లు తుడుచుకుంటున్నాడు.

“పోదామా తిమ్మయ్యన్నా?” పక్కవాడు అడిగాడు.

“యాడికి? మన దయ్యం మాత్రం ఎవరికేం చెడుపు చేసిండాది? దాని పాటికి దాన్ని ఉండనీండ్రా.”

కర్ర భుజాన వేసుకుని ఇంటిదారి పట్టాడు. మిగిలినవాళ్లూ వెంట నడిచారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఊరికే అన్నారా.

డేరా ఖాళీ అయ్యాక కృపమణి ఒక్కతే నిలబడి ఉంది.

“ఇంగ పోరు గదప్పా?”

“పోరమ్మా. దయ్యమూ నీ జోలికి రాదు. నిమ్మళంగా ఇంటికి పో.”

ఆమె తెర దగ్గరికి పోయి గుడ్డ అంచు ఎత్తింది. వెనక చీకట్లోనుంచి కంబళి కప్పుకున్న ఆకారం లేచింది. కంబళి జారింది. ముక్కు లేదు. ఒక కన్ను లేదు. పెదవి సగమే ఉంది. మిగిలిన కంటినుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. సుబ్బయ్యకు పైప్రాణాలు పైనే పోయాయి.

“ఎలుగ్గొడ్డు మొగం పీకేసిండాదప్పా,” అనింది కృపమణి, “వాడు నా కొడుకు.”