గ్యాప్ లేకుండా

“కొత్తోనివి. నీకు పన్నెండు వేలెందుకు? ఆరు తీస్కో, కడుపునిండ తిను, పో.”

రాజేశ్వర్ సేటు మాట పూర్తి కాకముందే వీరేశ్ ట్రాలీ ఆటో వైపు తిరిగాడు. స్పీకర్ డబ్బాలకు అప్పుడే విప్పిన తాడును మళ్లీ బిగించడం మొదలుపెట్టాడు.

“అయితె నేను పోత సేటూ. ఇంకోన్ని చూస్కోండ్రి.”

పొద్దున తొమ్మిది కావస్తోంది. మొగుడంపల్లిలో ఆ అల్లం వ్యాపారి ఇంటి ముందు పందిరి నిండా చుట్టాలున్నారు. పన్నెండూ ఇరవైకి సేటు కూతురు భవాని పెళ్లి. నిన్న సాయంత్రం ఉన్నట్టుండి ఫోన్ చేసి, పొద్దున్నే సౌండు కావాలన్నారు. ఈ ముహూర్తం రోజున జహీరాబాద్ అంతా గాలించినా ఖాళీగా ఉన్న డీజే దొరకడని వీరేశ్‌కు తెలుసు. ఆ ధైర్యంతోనే తాడు బిగిస్తున్నాడు గానీ, ముడి మాత్రం వెయ్యలేదు.

డీజే అయి ఆరు నెలలు. ఈ ఆరు నెలల్లో పూర్తి డబ్బులిచ్చిన పాపాన ఎవరూ పోలేదు. ‘కొత్తోనివి గదా, పేరొస్తది’ అన్నవాళ్లే అందరూ. పేరు పెట్టి కిస్తీ కడతానంటే ఫైనాన్సు వాడు ఒప్పుకుంటాడా? మిక్సర్ కోసం భార్య ప్రణీత కమ్మలు కుదువలో ఉన్నాయి. ఆమె బోసి చెవులతో ఆటో దాకా వచ్చి, “ఈసారన్న సగానికి ఒప్పుకోకు” అని మరీ పంపింది.

“పాత డీజేలకు పన్నెండిస్తున్నరు గదా సేటూ. నా డబ్బాలు సగమే మోగుతయా?”

పందిట్లో ఎవరో నవ్వారు. సేటు నవ్వలేదు. ఒకసారి ఇంటివైపు చూసి, వీరేశ్ భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకుపోయాడు.

“సరే, పన్నెండే. కానీ ఒక్క మాట. పాటకు పాటకు నడుమ గ్యాప్ రావొద్దు. ముహూర్తం దాక ఒక్క నిమిషం గూడ ఆగొద్దు. ఆగిందంటె ఒక్క పైస ఇయ్య. అయితదా నీతోని?”

వీరేశ్ మనసు పొంగిపోయింది. కొత్త డీజే దొరికిపోయేది సరిగ్గా అక్కడే. ఒక పాట అయిపోయి రెండోది అందుకునేలోపు సౌండు చచ్చిపోతుంది, ఆడేవాళ్ల కాళ్లు ఆగిపోతాయి, పరువు పోతుంది. సేటుకు ఈ పని సంగతి తెలుసుననుకున్నాడు. పని తెలిసిన మనిషే పనికి తగ్గ డబ్బిస్తాడు మరి.

“గ్యాప్ వస్తె నా పేరు వీరేశే కాదు సేటూ.”

నిజంగానే రాలేదు. మొదటి పాట అయిపోకముందే రెండోది దాని కిందికి దూరింది, రెండోది తగ్గకముందే మూడోది లేచింది. కుర్రాళ్లు చొక్కాలు తడిసేలా ఆడారు. ఇంటి కిటికీలు గజగజ వణికాయి. వీరేశ్ గొంతు ఎండిపోయింది, పక్కనే ఉన్న నీళ్ల సీసా మూత తీసే తీరిక కూడా లేదు. ఒంటేలుకు పోవాల్సిన అవసరాన్ని పళ్లు బిగబట్టి ఓర్చుకున్నాడు. ఇంత బాగా ఎన్నడూ వాయించలేదని తనకే తెలుస్తోంది.

పదకొండింటికి ఓ ముసలావిడ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. సేటు తల్లి బసమ్మ. పొద్దున తను వచ్చీరాగానే చాయ్ ఇచ్చింది ఆవిడే. ఇప్పుడు రెండు చేతులూ జోడించి ఏదో అంది. ఒక్క ముక్క వినపడలేదు. ఆపమన్నట్టు చెయ్యి ఊపింది. ముసలివాళ్లకు డీజే అంటే ఎప్పుడూ తలనొప్పే కదా! వీరేశ్ నవ్వి, ఇంకాసేపట్లో అయిపోతుందన్నట్టు గడియారం చూపించాడు.

ఆవిడ వైరు కోసం వంగింది. తన పన్నెండు వేలూ ఆ వైరుతోపాటే ఊడిపోతాయని వీరేశ్‌కు భయం పట్టుకుంది. రెక్క పట్టుకుని ఆవిడను పక్కకు లాగేశాడు. అంతలో సేటు పరుగున వచ్చి తల్లిని లోపలికి తీసుకుపోయాడు. వీరేశ్ సౌండు ఇంకాస్త పెంచాడు.

ముహూర్తానికి ఐదు నిమిషాల ముందు సేటు చెయ్యెత్తితేనే ఆపాడు. ఇద్దరు ఆడవాళ్లు చెరో రెక్కా పట్టుకుని పెళ్లికూతురిని తీసుకొచ్చారు. ఆ పిల్ల తలెత్తలేదు. బ్యాండు మోగింది, అక్షింతలు పడ్డాయి.

సేటు మాట తప్పలేదు. పన్నెండు వేలు లెక్కపెట్టి, పైన ఐదు వందలు వేసి చేతిలో పెట్టాడు.

“మంచిగ కొట్టినవ్. పెద్ద డీజేవయితవ్ పో.”

వీరేశ్ కళ్లు చెమర్చాయి. వెంటనే ప్రణీతకు ఫోన్ చేశాడు. “పూరాగ ఇచ్చిన్రే! రేపే కమ్మలు ఇడిపిద్దాం.”

వైర్లు చుట్టుకుంటుంటే బసమ్మ మెల్లగా వచ్చి డబ్బాకు ఆనుకుని నిలబడింది. కళ్లు వాచి ఉన్నాయి.

“ఒక్కసారన్న ఆపుతవనుకున్న బిడ్డా.”

“ఆపితె పైసలియ్యనన్నడు అవ్వా సేటు. రెక్క గుంజినందుకు ఏమనుకోకు. ఇయ్యాల నాకు పైసలు మస్తు అవసరం.”

బసమ్మ అతని జేబులోంచి కనిపిస్తున్న నోట్ల వైపు చూసింది.

“నా మనుమరాలు పొద్దటి సంది అర్రల తలుపు గుద్దుకుంట, ‘నాకీ పెండ్లొద్దు, ఎవలన్న గొళ్లెం తియ్యుండ్రి’ అని గొంతు పోయేదాక ఒర్లింది బిడ్డా, నువ్వు ఒక్క నిమిషం ఆపినా పందిట్ల ఎవలో ఒకలకు ఇనవడుతుండె.”